తాళం సర్కారుది, చెవి ఎవరి చేతిలో?
వికలాంగుల కార్డుకు కంప్యూటరే గుమ్మం * నంబరు మారినవారికి, వేలిముద్ర పడనివారికి తిప్పలు * ఒక్క పేజీ రాసిపెట్టుకుంటే సగం బాధ తప్పుతుంది

నల్లగొండ: ఈ జిల్లాలో నడుం వంగిన మనిషి ఎదురైతే ఎందుకలా అని ఎవరూ అడగరు. నీళ్లేనని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో తరాల తరబడి తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరింది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే తాగడానికి పనికిరాదు. అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు తాగిన ఊళ్లివి. నీటిలోంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతిని 1970 దశకంలో నాగపూర్ పరిశోధన సంస్థ 'నీరి' రూపొందిస్తే దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు పెట్టారు. జిల్లా పేరు అట్లా దేశమంతా పాకింది.

2016లో మొదలైన మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు ఊళ్లకు వచ్చాయి. కొత్తగా పుట్టిన పిల్లలకు ఆ బాధ తగ్గింది. కాని అప్పటికే వంగిన నడుం మళ్లీ లేవదు, బిగుసుకున్న మోకాలు మళ్లీ మడవదు. ఆ మనుషులకు మిగిలింది నెలనెలా వచ్చే పింఛను, దానికి ఆధారమైన వైకల్య ధ్రువపత్రం.

ఇప్పుడు ఆ ధ్రువపత్రం కంప్యూటర్‌లోకి వెళ్లింది. ఊరంతా చూసినా, డాక్టరు తడిమి చూసినా సరిపోదు. వంగిన నడుం కంప్యూటర్‌లో నమోదైతేనే వంగినట్టు లెక్క. ఆ కంప్యూటర్ ఖాతాలోకి వెళ్లే దారి తెలియక, తెలిసినా తలుపు తెరుచుకోక పల్లెల్లోని వికలాంగులు అవస్థ పడుతున్నారు.

సదరం పోయి యూడీఐడీ వచ్చె

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో 'సదరం' శిబిరాలు మొదలయ్యాయి. అంతకు ముందు డాక్టరు చేతిరాతతో ఇచ్చే కాగితమే ఆధారం. కాగితాలు చిరిగిపోవడం, దొంగ కాగితాలు పుట్టుకు రావడం చూసి వైకల్య శాతాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే ఏర్పాటు చేశారు. పల్లెల్లో ఇప్పటికీ "సదరం తీసుకున్నవా?" అనే అడుగుతారు.

ఆ తర్వాత కేంద్రం దేశమంతటికీ ఒకే కార్డు తెచ్చింది. దాని పేరు యూడీఐడీ. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండగా కొత్త చట్టం 21 రకాలను గుర్తించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర వికలాంగుల సాధికారత శాఖకు చెందిన 17 పథకాలకు యూడీఐడీ నంబరు తప్పనిసరి చేశారు. తెలంగాణ ప్రభుత్వం కూడా 2025లో సదరం పద్ధతి నుంచి యూడీఐడీకి మారింది.

కార్డు రంగును బట్టి వైకల్యం తెలుస్తుంది. 40 శాతం లోపు వారికి తెల్లది, 40 నుంచి 80 లోపు వారికి పసుపుపచ్చది, 80 శాతం, ఆపైన ఉన్నవారికి నీలిరంగుది ఇస్తారు. ఫ్లోరైడ్‌తో బిగుసుకున్న కాళ్లు చేతులను, వెన్నును కదలికకు సంబంధించిన వైకల్యం కింద లెక్కిస్తారు.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. కార్డు చేతికి వచ్చినంత మాత్రాన పింఛను వచ్చినట్టు కాదు. పింఛను ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. దానికి వేరే దరఖాస్తు, వేరే మంజూరు ఉంటాయి. తెలంగాణలో 40 శాతం వైకల్యం ఉన్నవారు అర్హులు. వినికిడి లోపం ఉన్నవారికైతే 51 శాతం ఉండాలి. 2014లో ఆసరా పథకం మొదలైనప్పుడు వికలాంగుల పింఛను 1,500 రూపాయలు. 2019లో 3,016 అయింది, 2023లో 4,016కు చేరింది. మందులకు, పాలకు, కొట్టు బాకీకి ఆ డబ్బే ఆధారమైన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కార్డు గడువు తీరి, మళ్లీ తీసుకోలేక పింఛను ఆగితే ఆ నెల పొయ్యి మీద ఏం పెట్టాలన్నదే సమస్య.

గుమ్మం దగ్గర నాలుగు ప్రశ్నలు

యూడీఐడీ దరఖాస్తు చేయవలసిన చోటు 'స్వావలంబన్ కార్డ్' అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్. ఆధార్, ఫొటో, సంతకం లేదా వేలిముద్ర, చిరునామా రుజువు పెట్టి వివరాలు నింపితే ఒక నమోదు నంబరు వస్తుంది. తర్వాత జిల్లాలోని ఆసుపత్రిలో పరీక్షకు పిలుపు వస్తుంది. 2024 అక్టోబరులో సవరించిన నిబంధనల ప్రకారం వైద్యాధికారులు 3 నెలల్లోగా ధ్రువపత్రం సంగతి తేల్చాలి. రెండేళ్లు గడిచినా ఏదీ తేలకపోతే ఆ దరఖాస్తు చెల్లదు, మళ్లీ పెట్టుకోవలసిందే. దరఖాస్తు పెట్టి ఊరుకుంటే కుదరదు, అది ఎక్కడిదాకా వచ్చిందో మధ్యమధ్య చూస్తూ ఉండాలి. అలా చూడాలంటే ఖాతాలోకి వెళ్లాలి.

ఖాతాలోకి వెళ్లబోతే మామూలుగా అడిగేవి నాలుగు. ఒకటి, నమోదు నంబరు లేదా 18 అక్షరాలూ అంకెలూ ఉన్న యూడీఐడీ నంబరు. రెండు, పుట్టిన తేదీ. మూడు, తెరమీద వంకరటింకరగా కనిపించే అక్షరాలు. నాలుగు, ఫోన్‌కు వచ్చే ఓటీపీ. చదువుకున్నవాడికి ఇది రెండు నిమిషాల పని. పల్లెటూరి వికలాంగుడికి ఈ నాలుగింటిలో ప్రతిదీ ఒక చిక్కే.

రజాకార్ల నాడు పుట్టినవాడికి తేదీ ఏది?

జిల్లాలో పెద్దవయసు వాళ్లను ఎప్పుడు పుట్టావంటే రజాకార్ల గడబిడనాడు అంటారు, ఫలానా కరువునాడు అంటారు, ఫలానావాళ్ల పెద్దకొడుకు పుట్టిన ఏడు అంటారు. తేదీ తెలియదు. ఆధార్ రాసేనాడు ఎదుటివాడు ఉజ్జాయింపుగా వయసు వేశాడు. అందుకే ఎందరికో ఆధార్‌లో జనవరి 1 అని ఉంటుంది. రేషన్ కార్డులో ఇంకో వయసు, ఓటరు కార్డులో మరో వయసు.

మనిషి మాట్లాడి నమ్మించవచ్చు గాని యంత్రాన్ని నమ్మించలేం. ఖాతాలో ఏ తేదీ రాశారో అదే తేదీ కొట్టాలి. ఒక్క అంకె తేడా వచ్చినా వివరాలు సరిపోలేదనే జవాబు వస్తుంది. చాలామంది తమ దరఖాస్తు కొట్టివేశారనుకుని అక్కడితో వదిలేసి ఇంటికి పోతున్నారు. నిజానికి దరఖాస్తు అక్కడే ఉంటుంది, తేదీ ఒక్కటే తప్పు. ఆధార్ కార్డు మీద ఉన్న తేదీని చూసి కొట్టడమే దీనికి మందు.

నంబరు ఎవరిదో ఖాతా వారిదే

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఫోన్ నంబరుది. దరఖాస్తు నాడు ఏ నంబరు రాస్తే దానికే సందేశాలు పోతాయి. పరీక్ష తేదీ అందులోనే వస్తుంది, ఓటీపీ అందులోనే వస్తుంది. ఆ నంబరు ఎవరి చేతిలో ఉంటే ఖాతా తాళంచెవి వారి చేతిలో ఉన్నట్టే.

పల్లెల్లో జరుగుతున్నదేమిటి? సొంత ఫోన్ లేని ముసలమ్మ హైదరాబాద్‌లో పనిచేసే కొడుకు నంబరు ఇస్తుంది. కొడుకు పనిలో ఉంటాడు. ఓటీపీ వచ్చి, అతను చూసి, ఇంటికి ఫోన్ చేసి చెప్పేలోగా గడువు దాటిపోతుంది. ఇంకొకరు పక్కింటివాళ్ల నంబరు ఇస్తారు. ఆరు నెలలకు పక్కింటికీ వీళ్లకూ గట్టు తగాదా వస్తుంది. ఇక ఓటీపీ అడిగే ముఖం ఉండదు.

ఇంతకన్నా కష్టమైనది మరొకటుంది. కొన్ని ప్రైవేటు ఇంటర్నెట్ దుకాణాల్లో దరఖాస్తు నింపే కుర్రవాడు తొందరలో తన నంబరే వేసేస్తాడు. అతనికి అది సులువు. పదిమందివీ అదే నంబరుతో పూర్తవుతాయి. దరఖాస్తుదారుకు ఆనాడు ఏమీ తెలియదు. ఏడాది తర్వాత కార్డు తీసుకోబోతే ఆ దుకాణం ఉండదు, ఉన్నా ఆ కుర్రవాడు ఉండడు. ఉంటే ప్రతిసారీ చేయి తడపాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు.

నంబరు తనదే అయినా నిశ్చింతగా ఉండటానికి లేదు. డబ్బుల్లేక రీచార్జి మానేసి సిమ్‌ను మూలన పడేస్తే కొన్నాళ్లకు కంపెనీ దాన్ని రద్దు చేస్తుంది. 90 రోజులు ఏ వాడకమూ లేని నంబరును ఆపివేయడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆ తర్వాత అదే నంబరు మరొకరికి పోవచ్చు. అప్పుడు మన ఓటీపీ ఊరూపేరూ తెలియని మనిషి ఫోన్‌లో మోగుతుంది.

దీనికి దారి లేకపోలేదు. యూడీఐడీ పోర్టల్‌లో ఫోన్ నంబరు, చిరునామా వంటి వివరాలు మార్చుకునే వీలుంది. కార్డు పోతే మళ్లీ తీసుకోవచ్చు, గడువు తీరితే పునరుద్ధరణ కోరవచ్చు. ఆధార్‌కు జతచేసిన నంబరు మారితే ఆధార్ కేంద్రానికి పోయి మార్చుకోవచ్చు. 2025 అక్టోబరు 1 నుంచి ఈ రకం మార్పుకు రుసుము 75 రూపాయలు, వేలిముద్రలు, కనుపాప కొత్తగా ఇవ్వడానికి 125 రూపాయలు. అంతకు మించి అడిగితే రసీదు అడగాలి. కదలలేని వారి కోసం తపాలా శాఖ 2021 జూలై నుంచి పోస్ట్‌మన్, గ్రామీణ డాక్ సేవక్‌ల ద్వారా ఇంటి దగ్గరే ఆధార్ ఫోన్ నంబరు మార్చే ఏర్పాటు చేసింది. ఇది చాలా పల్లెలకు తెలియదు. ఊరి పోస్టాఫీసులో ఒకసారి అడిగి చూడటం మంచిది.

వేలు నిలవదు, ముద్ర పడదు

రాళ్లు కొట్టి, నాట్లు వేసి, కల్లు గీసి అరిగిన వేళ్లకు గీతలు ఉండవు. ఫ్లోరైడ్‌తో బిగుసుకున్న వేలు యంత్రం మీద చదునుగా ఆనదు. కుష్ఠుతో వేళ్లు పోయినవారి మాట చెప్పనక్కరలేదు. పల్లెల్లో పింఛను పోస్టాఫీసు ద్వారా వేలిముద్ర మీద ఇస్తూ వచ్చారు. ముద్ర పడకపోతే మళ్లీ రా అంటారు. మూడు కాళ్ల బండిమీద వచ్చినవాడికి మళ్లీ రావడమంటే ఒకరి కూలి పోవడమే, ఎందుకంటే బండి తోయడానికి ఇంకొకరు పని మానుకోవాలి. ఈ బాధ చూసే తెలంగాణ ప్రభుత్వం 2025లో ముఖం చూసి గుర్తించే పద్ధతిని పింఛన్ల చెల్లింపులో ప్రవేశపెట్టింది.

వేళ్లు లేవని ఆధార్ ఇవ్వకపోవడం మాత్రం తప్పు. వేలిముద్రలు లేనివారికి కనుపాపతో, కనుపాప లేనివారికి వేలిముద్రలతో, రెండూ లేనివారికి పేరు, ఫొటో తదితర వివరాలతో ఆధార్ ఇవ్వాల్సిందే. కేరళలో వేళ్లు లేని ఒక మహిళకు ఆధార్ నిరాకరించిన ఉదంతం బయటపడిన తర్వాత 2023 డిసెంబరులో కేంద్రం ఈ సంగతిని మరోసారి స్పష్టం చేసింది. ఎవరైనా కాదంటే ఆధార్ సంస్థ నంబరు 1947కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

చూపు లేనివాడిని అక్షరాలు చదవమంటే

తెరమీద వంకర అక్షరాలను చూసి మళ్లీ కొట్టమనడం వెనుక ఒక కారణం ఉంది. అవతల ఉన్నది మనిషేనా, యంత్రమా అని తేల్చుకోవడానికి ఆ పరీక్ష. కాని కళ్లు లేనివాడు ఆ పరీక్షలో ఎలా నెగ్గుతాడు? ఇప్పటి ఫోన్లలో తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఏర్పాటు ఉచితంగానే ఉంది. దాన్ని నేర్చుకున్న అంధ యువకులు బ్యాంకు పనులు సైతం సొంతంగా చేసుకుంటున్నారు. అయితే బొమ్మగా పెట్టిన అక్షరాలను ఆ ఏర్పాటు చదవలేదు. అంధుడి కోసం పెట్టిన పథకం గుమ్మంలో అంధుడే ఆగిపోవడం విడ్డూరం.

ఈ విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవారిని బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు కనురెప్పలు ఆర్పి చూపమన్నారు. రెప్పలే లేనివారు ఎలా ఆర్పుతారు? ఆ బాధితులూ, చూపు లేనివారూ వేసిన పిటిషన్లపై జస్టిస్ జె.బి.పార్దీవాలా, జస్టిస్ ఆర్.మహదేవన్‌ల ధర్మాసనం 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. కంప్యూటర్ సేవలను అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని ప్రకటించింది. వికలాంగులకు వీలయ్యేలా ఈ పద్ధతులను మార్చాలంటూ 20 ఆదేశాలిచ్చింది. 2016 చట్టం కూడా ఇదే చెబుతున్నది. తీర్పు ఢిల్లీలో వచ్చింది, దాని ఫలం మర్రిగూడకు చేరాలి.

ఓటీపీ అడిగినవాడు దొంగే

ఖాతా తెరవలేని అమాయకులను వెతుక్కుంటూ మోసగాళ్లు వస్తున్నారు. పింఛను ఆగిపోతుంది, కార్డు కొత్తది చేయాలి, ఫోన్‌కు వచ్చిన అంకెలు చెప్పమని అడుగుతారు. పింఛను ఆఫీసు నుంచి అని కూడా చెబుతారు. ఏ ప్రభుత్వ ఉద్యోగీ ఫోన్‌లో ఓటీపీ అడగడు. అడిగినవాడు దొంగ అని తెలుసుకోవాలి. అసలైన ప్రభుత్వ పోర్టల్ చిరునామా చివర 'జీఓవీ డాట్ ఇన్' అని ఉంటుంది. అది లేని చోట ఆధార్ నంబరు కొట్టరాదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. గంటల్లో చెబితే డబ్బు ఆపగలిగే వీలుంటుంది, రోజులు గడిస్తే చేతులెత్తేయడమే.

నోటుబుక్కులో ఒక పేజీ

చదువు రానివాళ్లు కూడా చేసుకోగల పని ఒకటుంది. పిల్లల పాత నోటుబుక్కులోంచి ఒక కాగితం తీసి దానిమీద ఈ అయిదు సంగతులు రాయించి రేషన్ కార్డుతో కలిపి పెట్టుకోవాలి. నమోదు నంబరు, కార్డు వచ్చిన తర్వాత యూడీఐడీ నంబరు. ఆధార్‌లో ఉన్నట్టుగా పుట్టిన తేదీ. దరఖాస్తులో రాసిన ఫోన్ నంబరు, అది ఎవరిది. ధ్రువపత్రం శాశ్వతమా, గడువు ఉన్నదా, ఉంటే ఏ తేదీ వరకు. పరీక్ష జరిగిన ఆసుపత్రి పేరు, తేదీ.

ఈ కాగితం ఉంటే ఏ కేంద్రానికి పోయినా పని ముందుకు సాగుతుంది. లేకపోతే ఎంత తెలివైనవాడు కంప్యూటర్ ముందు కూర్చున్నా చేయగలిగింది తక్కువ. గడువు ఉన్న ధ్రువపత్రమైతే తేదీకి మూడు నాలుగు నెలల ముందే పునరుద్ధరణ సంగతి చూసుకోవాలి. దరఖాస్తు నింపించేటప్పుడు ఫోన్ నంబరు గడిలో ఎవరి నంబరు పడుతున్నదో పక్కనుండి చదివించుకోవాలి. అది అడగడానికి మొహమాటపడనక్కరలేదు. పని పూర్తయ్యాక నమోదు కాగితం అచ్చు తీసుకోకుండా కేంద్రం మెట్లు దిగరాదు. సందేహాలుంటే కేంద్ర వికలాంగుల సాధికారత శాఖ సహాయ నంబరు 14456 ఉంది.

అధికారులు తలచుకుంటే

పల్లెకు పనికొచ్చే ఏర్పాట్లు పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. నెలకొకరోజు గ్రామ పంచాయతీలో కంప్యూటర్ తెలిసిన ఉద్యోగి కూర్చుని ఊళ్లోని వికలాంగుల ఖాతాలు తెరిచి నంబర్లు సరిచూస్తే ఎన్నో చిక్కులు విడిపోతాయి. ఎవరి ధ్రువపత్రం గడువు ఎప్పుడు తీరుతుందో పంచాయతీ బోర్డు మీద పేర్లు లేకుండా నెలలవారీగా రాసినా చాలు, ఇంటివాళ్లు గుర్తుపడతారు. కదలలేనివారి ఇంటికి వేలిముద్ర యంత్రం వెళ్లాలి. ఫోన్ లేనివారికి పరీక్ష తేదీ కాగితం మీద అందాలి. మహిళా సంఘాల్లో చదువుకున్న కోడళ్లు ఉన్నారు. వారికి ఒక్కరోజు నేర్పిస్తే ఊరికి ఒకరు తయారవుతారు, ప్రైవేటు దుకాణాల మీద ఆధారపడే పని తప్పుతుంది.

ఫ్లోరైడ్ నీళ్లు తాగింది వాళ్ల తప్పు కాదు. ఆ నీళ్లు తప్ప మరో నీళ్లు లేనినాడు తాగారు. దాహం తీర్చుకున్నందుకు ఎముకలిచ్చిన మనుషులు ఇప్పుడు నెలకు 4,016 రూపాయల కోసం కొడుకునో, పక్కింటివాణ్నో, దుకాణం కుర్రవాణ్నో బతిమాలవలసి రావడం న్యాయం కాదు. ఖాతా ఎవరి పేరుతో ఉందో దాని చెవి కూడా వారి చేతిలోనే ఉండాలి. అందుకు జిల్లా యంత్రాంగం ఇకనైనా ఊరూరా ఒక పూట కేటాయించాలి.